ఏడో ఖాళీ

పద్నాలుగో వారం

పోయిన వారం లోగనాయకిని సారం అనే పేటలో ఒక మేడ మెట్ల మీద నిలబెట్టి మన దారిన మనం వెళ్లిపోయాం. అరవై రెండేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు, చేతిలో పసుపు గుడ్డసంచి. కొత్తగా చదువుతున్నవాళ్లకు నాలుగు మాటల్లో జరిగిన సంగతి చెప్పేస్తాను. పాతవాళ్లు కాస్త ఓపిక పట్టండి. ఆమెకు ఆ మెట్లు ఎక్కడానికి ఎలాగూ సమయం పడుతుంది.

లోగనాయకి భర్త సుబ్బరాయలు పోయి ముప్పై నాలుగు రోజులైంది. విల్లియనూరులో చెరుకు, వరి పండించిన మనిషి. చనిపోయిన పదహారో రోజున కరుమాది, అంటే కర్మకాండ, జరిగింది. ఆ ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. ఆ రోజు మేనమామ వచ్చి కొడుకు తలకు పాగా చుడతాడు. తరువాత పంగాళీలు, అంటే ఒకే వంశపు మగవాళ్లు, పందిట్లో కూర్చుని పోయినవాడి గురించి తెలిసిందంతా చెప్పుకుంటారు. భార్య మాత్రం లోపలి గదిలోనే ఉండాలి. గోడ అవతలి నుంచి ఆ మాటలన్నీ వినాలి. లోగనాయకికి గోడ లేకపోయినా వినపడదు. ఎనిమిదేళ్ల కిందట ఒక జ్వరం వచ్చి రెండు చెవులూ పట్టుకుపోయింది.

అందుకని చెల్లెలి కూతురు నందిత ఒక ఏర్పాటు చేసింది. పెళ్లిళ్లు, చావులు, చెవులు కుట్టే వేడుకలు ఫోన్లలో లైవుగా చూపించే ఒక ఆఫీసులో ఆ అమ్మాయి పని చేస్తుంది. అక్కడ ఆమెది వేళ్ల పని. ఆమె కంప్యూటర్లోని సాఫ్ట్‌వేరులో ఒక చిన్న పెట్టె ఉంటుంది. విన్న మాటను అందులో టైపు చేసి మీట నొక్కితే, ఎనిమిది సెకన్ల తరువాత అది చూసేవాళ్ల ఫోనులో బొమ్మ కింద అక్షరాలుగా వస్తుంది. ఒకసారి పంపిన లైను మళ్లీ వెనక్కి రాదు. వీళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదువుకున్నది తమిళం. కాబట్టి నందిత తెలుగు మాటల్నే తమిళ అక్షరాల్లో కొడుతుంది. పదహారో రోజున నందిత పందిట్లోనే కెమెరా వెనక కంప్యూటరు పెట్టుకుని కూర్చుంది. లోగనాయకి లోపలి గదిలో చాప మీద కూర్చుని, ఫోనును కొబ్బరికాయకు ఆనించి పెట్టుకుని, భర్త గురించి పందిట్లో నడిచిన మాటలన్నీ చదివింది. సాయంత్రం నందిత చేతులు పట్టుకుని, "ఈ ఇంట్లో నాకు చెవంటే నువ్వే పాపా" అని ఏడ్చింది.

ఆ చెవే తనకు సగం వినిపించి సగం దాచిందని ఆమెకు పోయిన వారం తెలిసింది. ఎలా తెలిసిందో ఇప్పుడు ఆమే చెబుతుంది. మెట్లు ఎక్కేసింది.

గుమ్మం దగ్గర గుణశేఖర్ ఎదురయ్యాడు. ఆఫీసు అతనిదే. భుజాన కెమెరా సంచి, చేతిలో మూడుకాళ్ల స్టాండు. ఆ సాయంత్రం నాలుగింటికి విల్లియనూరులో సుబ్బరాయలు పటం తెరిచే సభ ఉంది. మాలలు వేసిన పెద్ద ఫోటో మీద తెర తీసి, ఊరి పెద్దలు నాలుగు మంచి మాటలు చెబుతారు. దాన్ని లైవులో పెట్టడానికే అతను బయలుదేరాడు.

"పెద్దమ్మా! మీరేంది ఈడికి? సాయంత్రం ఫంక్షను మీ ఇంట్లోనే గదా!" అని పెద్దగా అరిచాడు. అరిచి చెబితే చెవిటివాళ్లకు వినపడుతుందని నమ్మేవాళ్లలో అతనొకడు. లోగనాయకి అతని భుజం తట్టి పక్కకు జరిపి లోపలికి వెళ్లింది. నలభై రోజులు నిండకుండా ఆడమనిషి గడప దాటి బస్సెక్కి రావడం అతనికి మింగుడు పడలేదు. లోపలికి తొంగి చూసి, "నందితా, నేను పోతా ఉండా. నాలుగుకల్లా నువ్వు లైన్లో ఉండాల" అని చెప్పి దిగిపోయాడు.

నందిత లేచి నిలబడింది. పెద్దమ్మ ముఖం చూడగానే ఆమెకు విషయం అర్థమైంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే ఆమె చూపు తిప్పుకుంది. మామూలుగా పెద్దమ్మతో మాట్లాడేటప్పుడు చేసే పనే చేసింది. బల్ల మీది నోటుపుస్తకం, పెన్ను అందుకుంది.

లోగనాయకి ఆ పుస్తకం మీద అరచెయ్యి పెట్టింది.

"కాగితం వొద్దు. కాగితమైతే కొట్టేసి ఇంకోటి రాస్తావు. నీ పెట్టెలో రాయి. పంపినాక మళ్లీ తీసుకోలేనని నువ్వే చెప్పినావు గదా. అట్లాంటి మాటే నాకు కావాల."

తన గొంతు తనకు వినపడదు కాబట్టి ఆమె మాట ఒక్కోసారి గట్టిగా, ఒక్కోసారి పీలగా వస్తుంది. ఈ మాట పీలగా వచ్చింది. నందిత ఎవరూ చూడని ఒక లైవు తెరిచింది. కంప్యూటరు మీది చిన్న కెమెరా బల్ల వైపు తిరిగి ఉంది. పెద్దమ్మ ఫోనులో ఆ బల్ల, దాని మీద రెండు జతల చేతులు మాత్రం కనిపించాయి.

లోగనాయకి సంచిలోంచి ఏడు కాగితాలు తీసి బల్ల మీద వరసగా పరిచింది. గోడకు వేలాడే రోజువారీ క్యాలెండరు నుంచి చించిన కాగితాలు. భర్త పోయినప్పటి నుంచి రోజుకొకటి చించి దిండు కింద పెట్టుకునేది. ఒక్కో దాని వెనక ఒక సమయం రాసి ఉంది.

"పదహారో దినం వీడియో మళ్లీ చూసినా. ఆయన్ని గురించి అన్ని మంచి మాటలు చెప్పినారే, మళ్లీ చదువుకుందామని చూసినా. ఒకచోట మావాడు రాఘవన్ నోరు ఆడతా ఉండాది, కింద అక్షరం లేదు. నెట్టు లేదేమో అనుకుంటి. ఇంకోసారి చూసినా. ఇంకోచోట మా బావ నోరు ఆడతా ఉండాది. అక్షరం లేదు. ఇట్ల ఏడు చోట్ల." ఆమె ఒక్కో కాగితాన్నీ వేలితో తాకింది. "వినపడకపోతే మూడు చుక్కలు పెడ్తానంటివి. పాటొస్తే పాట గుర్తు పెడ్తానంటివి. చుక్కలు లేవు, పాట లేదు. అంటే నీకు వినపడింది. వినపడీ రాయలేదు."

ఆ చుక్కల నియమం నందితే నేర్పింది. చూసేవాళ్లను మోసం చేయకూడదని ఆ పనిలో అందరూ పాటించే పద్ధతి అది. అబద్ధం చుక్కలు పెట్టడానికి ఆ రోజు ఆమెకు మనసు రాలేదు, నిజం పంపడానికీ రాలేదు. ఖాళీగా వదిలేసింది. ఆ కాస్త నిజాయితీయే ఆమెను పట్టించింది.

నందిత టైపు చేసింది. మీట నొక్కింది. వాళ్ల మధ్య బల్ల మూడడుగులు కూడా లేదు. ఆ మాట అది దాటి పెద్దమ్మ చేతిలోకి రావడానికి ఎనిమిది సెకన్లు పట్టింది.

'నీకు బాధ అవుతాదని పెద్దమ్మా.'

లోగనాయకి చదివింది. "బాధ నాది గదా పాపా. దాన్ని నువ్వెందుకు దాచిపెట్టుకుండావు?"

నందిత మళ్లీ కీబోర్డు మీద వేళ్లు పెట్టింది.

"చిన్న ఖాళీ నుంచి చెప్పు. ఇది ఆరు సెకన్లది. రాఘవన్ చెప్పినాడు." ఒక కాగితం ముందుకు జరిపింది. రాఘవన్ ఆమె ఒక్కగానొక్క కొడుకు.

నందిత ఆ కాగితం మీది సమయం చూసింది. తరువాత కొట్టింది.

'నాయనకు షుగరు కాదు, కేన్సరు అన్నాడు.'

ఎనిమిది సెకన్లు గడిచాయి. లోగనాయకి పెదవులు కదిలిస్తూ చదివింది. మళ్లీ చదివింది. ఫోనును దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది.

"కేన్సరా?"

నందిత తల ఊపింది.

"అయితే అదిరసాలు కాదా?"

అదిరసాలంటే అక్కడ అరిసెలు. వాటి మాట ఇప్పుడెందుకో నందితకు అర్థం కాలేదు.

"దీపావళికి నేను అదిరసాలు చేస్తి. షుగరు ఉండాది, వొద్దంటే వినకుండా నాలుగు తిన్నాడు. నేనే పెడితి. ఇంకోటి తిను, పండగ గదా అని నేనే పెడితి." ఆమె గొంతు పైకి లేచింది. "ఆ మర్నాటి నుంచే గదా ఆయన పడక పట్టింది. నా చేతులారా తినిపించి చంపుకుంటినని, ఇన్ని దినాలూ ఆ బూరెలమూకుడు ముట్టుకోలేదు. నిన్న దాన్ని పెరట్లో పారేసినా. అదిరసాలు కాదా పాపా?"

నందిత టైపు చేయలేకపోయింది. తల అడ్డంగా ఊపింది. కాదు, కాదు, కాదు. ఆమెకు ఒక్కసారిగా ఏడుపు వచ్చింది. బాధ పెట్టకూడదని దాచిన ఆ ఆరు సెకన్ల మాట, ఇంకో పద్దెనిమిది రోజుల పాటు ఒక మనిషిని హంతకురాలిగా నిలబెట్టింది. ఇది తెలిసి చేసింది కాదు. తెలియక చేశామని ఓదార్చుకుంటే మాత్రం ఎవరికి ఊరట?

లోగనాయకి కళ్లు తుడుచుకోలేదు. కాగితాన్ని తిప్పి బోర్లా పెట్టింది. రెండోదాన్ని జరిపింది. అది కృష్ణాపురం నుంచి వచ్చిన ఒక పంగాళీ చెప్పిన మాట. పందిట్లో కొందరు నవ్వారు కూడా. వీడియోలో ఆ నవ్వులు కనిపించాయి, అందుకే ఆమె దాన్ని ముందుకు తెచ్చింది.

"ఏమిటికి నవ్వినారు?"

నందిత కొట్టిన లైను ఇది: 'ఏడాదిన్నరగా ఆయమ్మ ముందరే కూచుని మాట్లాడుకుంటిమి, చెవిటివాని ముందర శంఖం ఊదినట్టు, ఆయమ్మకు ఏమీ తెలీలేదు అన్నాడు.'

ఈ సామెత అందరికీ తెలిసిందే. దాన్ని పుట్టించినవాడు శంఖం ఊదేవాడి కష్టమే చూశాడు గానీ, ఎదురుగా కూర్చుని ఆ బుగ్గలు ఉబ్బడం చూస్తూ ఏమిటో తెలియక దిక్కులు చూసినవాడి సంగతి పట్టించుకోలేదు.

"నా ముందరే మాట్లాడినారు. ఒక పొద్దు నాకు బాగా గుర్తుండాది" అంది లోగనాయకి నెమ్మదిగా. "హాల్లో ఫ్యాను కింద మా బావ, రాఘవన్, ఆయన, ముగ్గురూ కూచోనుండారు. ఏవో కాగితాలు. నేను రసం పోస్తా ఉండా. రాఘవన్ ముఖం నల్లబడిపోయి ఉండాది. ఏంది మాట్లాడుకుంటా ఉండారని అడిగినా. వాడు కాగితం మీద రాసి చూపించినాడు, చుమ్మా, ఏమీ లే, బోరు మోటారు కాలిపోయిందమ్మా అని. మోటారు పోతే పోయింది లే, దానికి ఇంత దిగులెందుకని నేను నవ్వితి. అందరికీ ఇంకో గరిటె పోస్తి." ఆమె ఆగింది. "ఆయన నన్నే చూస్తా ఉండాడు. నేను నవ్వతా ఉంటే చూస్తా ఉండాడు."

ఆ ఇంట్లో ఎవరూ దుర్మార్గులు కారు. రాఘవన్ తల్లిని కళ్లలో పెట్టుకుని చూసే కొడుకు. కానీ వినపడని మనిషి ఇంట్లో ఉంటే ఒక చెడ్డ అలవాటు పడుతుంది. గొంతు తగ్గించుకోవలసిన పని లేదు, తలుపు వేయవలసిన పని లేదు. మిగతా ఇళ్లలో రహస్యం దాచాలంటే కష్టపడాలి. ఈ ఇంట్లో కాగితం మీద రాయకుండా ఉంటే చాలు.

తరువాతి మూడు కాగితాలు త్వరగా అయిపోయాయి. ఎంత కాలం బతుకుతాడని డాక్టరు చెప్పిందీ, నొప్పి ఎక్కువైన రోజుల్లో ఎవరెవరు ఆస్పత్రిలో పడుకున్నదీ, వైద్యానికని చెప్పకుండా చెరుకు బిల్లు కోసమని చెప్పి ఆయన్ని ఎన్నిసార్లు ఊరు దాటించిందీ. లోగనాయకి ప్రతిదీ చదివింది, తల ఊపింది, కాగితం బోర్లా పెట్టింది. ఆరోది ఆమె బావ చెంగల్రాయన్ చెప్పింది. సుబ్బరాయలుకు అన్న, ఇంటికి పెద్ద.

'నా తమ్ముడే దానికి చెప్పొద్దన్నాడు. చెప్తే అది నా కండ్లముందరే చచ్చిపోతాది అన్నాడు.'

లోగనాయకి మొదటిసారి కొంచెం నవ్వింది. "భయస్తుడు. పాము కనపడితే నన్నే పిలిచేవాడు. అది నాకు తెలిసిందే."

ఇక ఒకే కాగితం మిగిలింది. ఆమె దాన్ని రెండు చేతులతో పట్టుకుని నందిత ముందు పెట్టింది.

"ఇది నలభై సెకన్లు. అన్నింటికంటే పెద్దది. ఇందులో మా బావ పందిట్లో వాళ్లను చూడలేదు. కెమెరా వైపు చూసినాడు. కెమెరా వెనకాల ఎవురుండారు? నువ్వుండావు. నిన్ను చూసి ఏం చెప్పినాడు?"

నందిత వేళ్లు వాటంతట అవే కదిలాయి.

'గుర్తు లేదు పెద్దమ్మా.'

మీట నొక్కిన మరుక్షణం ఆ లైనును వెనక్కి లాక్కోవాలనిపించింది. కుదరదు. ఎనిమిది సెకన్ల పాటు ఆ అబద్ధం ఎక్కడో గాలిలో వెళ్తోంది. పెద్దమ్మ ఫోను చూస్తూ దాని కోసం ఎదురు చూస్తోంది. అది వచ్చింది. ఆమె చదివింది.

కోపం తెచ్చుకుంటుందని నందిత అనుకుంది. లోగనాయకి కోపం తెచ్చుకోలేదు. బస్సెక్కి వచ్చిన అలసట అంతా అప్పుడే ముఖంలోకి వచ్చింది.

"ఆరు గుర్తుండాయి" అంది. "వాళ్లందరూ దాచినారు. సరే. వాళ్లకు నేను చెవిటిదాన్ని. నీకు కూడానా?"

ఆ మాటతో నందితకు దాక్కోవడానికి చోటు లేకపోయింది. మొదటి ఆరు లైన్లూ పంపకపోయింది పెద్దమ్మ మీది జాలితోనే, అది నిజం. ఏడోది మాత్రం జాలి కాదు. పందిట్లో చెంగల్రాయన్ ఆ నలభై సెకన్లూ మాట్లాడుతుంటే, ఆమె తేలు కుట్టిన దొంగలా కెమెరా వెనక కూర్చుంది. అది తన గురించిన మాట. పెద్దమ్మ తప్ప అక్కడున్న అందరూ విన్నారు. పెద్దమ్మ ఒక్కతే తనను మంచిదనుకుంటే చాలని అప్పుడు అనిపించింది.

ఆమె కళ్లు తుడుచుకుని, కుర్చీ ముందుకు లాక్కుని, కొట్టడం మొదలుపెట్టింది. ఒక్కో లైనూ పంపి, అది చేరేదాకా ఆగి, ఇంకోటి కొట్టింది.

'చెప్పొద్దన్న సుబ్బరాయలు పెద్దనాయనే తర్వాత నీకు చెప్పాలనుకున్నాడు.'

'ఆయనకు రాసేది సరిగా రాదు గదా. నోటితో చెప్తే నేను అక్షరాలు పెట్టి నీకు చూపించాలని ఈడికి వచ్చినాడు.'

'రెండు తూర్లు వచ్చినాడు. పెళ్లిళ్ల పనుంది, వచ్చేవారం రా అని తిప్పి పంపినా.'

'పని లేదు పెద్దమ్మా. ఆ మాటలు నా చేత్తో నీకు పంపాలంటే భయమేసింది.'

'మూడో తూరి వచ్చినప్పుడు, నువ్వు వినొద్దులే, కెమెరా పెట్టి బయటికి పో, నేను చెప్పుకుంటా, తర్వాత అక్షరాలు పెట్టు అన్నాడు. పెట్టినా. బయట నిలబడినా.'

'అది అట్లనే ఉండాది. నేను అక్షరాలు పెట్టలేదు. ఈ వారం, వచ్చే వారం అనుకుంటా ఉంటి. ఇంతలో ఆయన్ని ఆస్పత్రిలో చేర్చేసినారు.'

'పందిట్లో చెంగల్రాయన్ పెద్దనాయన అదే చెప్పినాడు. తమ్ముడు లోగనాయకికి చెప్పాల్సింది ఈ నందిత దగ్గర చెప్పిపెట్టినాడు, ఈ పాప దానికి చూపించాల అని. అందరూ నేను చూపించేసినానని అనుకుంటా ఉండారు.'

చివరి లైను చేరింది. ఫోనులో ఆ లైను పోయి, మళ్లీ బల్ల, చేతులు మాత్రమే మిగిలాయి. కింద రోడ్డు మీద బస్సులు ఆగి వెళ్తున్నాయి. ఆ చప్పుడు నందితకు మాత్రమే వినపడింది.

"ఆయన నాకు చెప్పినాడా?" అంది లోగనాయకి.

తల ఊపింది నందిత.

"నాకు చెప్పకుండానే పోయినాడని అనుకుంటా ఉండా. ఇప్పుడు నువ్వు ఇవన్నీ రాస్తా ఉంటే, ఊరందరికీ చెప్పి నాకొక్కదానికే చెప్పకుండా పోయినాడే, నలభై ఏండ్ల కాపురం ఇంతేనా అని..." ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఎంత పెద్దగా వస్తోందో ఆమెకు తెలియదు. గది దాటి మెట్ల మీదికి వినపడేటంత పెద్దగా ఏడ్చింది. నందిత లేచి దగ్గరకు వెళ్లబోతే చెయ్యి అడ్డం పెట్టింది. అక్కడే ఉండమంది. ఆ చెయ్యి కొట్టిన దెబ్బకంటే గట్టిగా తగిలింది నందితకు.

కాసేపటికి ముఖం తుడుచుకుని అడిగింది. "యాడ ఉండాది అది?"

'ఈ కంప్యూటర్లోనే.'

"ఎంతసేపుండాది?"

'పదకొండు నిమిషాలు.'

"నువ్వు విన్నావా?"

'లేదు.'

"ఒక్కసారి కూడానా?"

'నా వల్ల కాలేదు పెద్దమ్మా.'

లోగనాయకి ఆ లైను చదివి తలెత్తింది. "మేలు. అయితే ఇద్దరం ఇప్పుడే ఒకటిగా విందాం. పెట్టు. ఒక్క మాట వదలొద్దు. దగ్గితే దగ్గినాడని రాయి. తిడితే తిట్టినాడని రాయి. నన్ను ఏమన్నా సరే రాయి."

నందిత ఆ ఫైలు వెతికి తెరిచింది. తెర మీద సుబ్బరాయలు కనిపించాడు. ఇదే గది, ఇప్పుడు లోగనాయకి కూర్చున్న కుర్చీయే. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, బాగా తగ్గిపోయిన బుగ్గలు, వాటి మీద ఏమాత్రం తగ్గని మీసం. పెదవుల్ని పూర్తిగా కప్పేసే మీసం అది. కొద్దిగా నోళ్లు చూసి పోల్చుకోగల లోగనాయకి, చెవులు పోయినప్పటి నుంచి ఆ మీసం కింద ఒక్క మాటా పట్టుకోలేకపోయింది. గీసుకోమని ఎన్నోసార్లు బతిమాలింది. చావనైనా చస్తాను గానీ మీసం తియ్యనన్నాడు.

ఆమె చెయ్యి చాచి తెర మీద ఆయన చొక్కా బొత్తాన్ని తాకింది. "ఇది నేను కుట్టిన గుండీ" అంది ఎవరికో చెబుతున్నట్టు.

నందిత వీడియో నడిపించింది. సుబ్బరాయలు తలుపు వైపు చూశాడు, కెమెరా వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

'దగ్గినాడు' అని కొట్టింది నందిత.

'ఇది తిరగతా ఉండాదా? ఎర్రలైటు ఎలగతా ఉండాది. తిరగతా ఉన్నట్టే ఉండాది.'

ముఖం ముందు వస్తోంది, మాట ఎనిమిది సెకన్లు వెనక వస్తోంది. లోగనాయకి తెరనూ ఫోనునూ మార్చి మార్చి చూస్తోంది. ఆ ఎర్రలైటు మాట చదివి ఏడుస్తూనే నవ్వింది. మోటారు వేసినప్పుడల్లా అదే మాట అనేవాడు.

సుబ్బరాయలు కుర్చీలో ముందుకు వంగాడు. "లోగూ" అన్నాడు. పెళ్లాన్ని ఆయన అలా పిలుస్తాడని నందితకు ఇన్నేళ్లూ తెలియదు. ఆ పేరు కొట్టి పంపింది. తరువాతి మాట వింటూనే ఆమె వేళ్లు గాలిలో ఆగిపోయాయి.

"లోగూ, దీనికి అక్షరాలు పెట్టేది మన నందిత. ఇది నీకు చేరేలోపల ఆలస్యమైతే దాన్ని ఏమీ అనమాక. దాని తప్పేమీ లేదు. బిడ్డకు భయం. నాకే ఇంత భయంగా ఉంటే దానికి ఉండదా? దాన్ని దూరం పెట్టమాక. నేను పోయినాక నీకు చెవి అదొక్కటే."

ఆయన సరిగ్గా ఈ మాటలే అన్నాడు. నందిత కావాలని కల్పించినా ఇంతకంటే తనకు పనికొచ్చే మాటలు కల్పించలేకపోయేది. ఇప్పుడు వీటిని వదిలేస్తే ఎనిమిదో ఖాళీ అవుతుంది. పంపితే, కాసేపటి కిందట 'గుర్తు లేదు' అని పంపిన చెయ్యే దీన్నీ పంపినట్టవుతుంది. సాక్ష్యానికి ఆ గదిలో మూడో మనిషి లేరు. ఉన్నా పెద్దమ్మ నమ్మదు. ఆ ఇంటి నోళ్లన్నీ ఏడాదిన్నర పాటు ఒక్కటైపోయిన సంగతి ఇప్పుడే తెలుసుకుంది.

ఒక్క మాట వదలొద్దంది కదా. నందిత పళ్లు బిగపట్టి, విన్నది విన్నట్టుగా, ఒక్క అక్షరం మార్చకుండా కొట్టింది. మీట నొక్కింది. తరువాత కీబోర్డు మీదనుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుని, పెద్దమ్మ ముఖం చూస్తూ కూర్చుంది.

లైను చేరింది. లోగనాయకి చదివింది. మధ్యలో ఆగి, మొదటి నుంచి మళ్లీ చదివింది. ఆమె ముఖంలో అప్పటిదాకా ఉన్న తడి, నవ్వు, ఆశ మెల్లగా పోయాయి. తెర మీద ఆ మీసం కదులుతూనే ఉంది. దాన్ని ఒక్క క్షణం చూసింది. ఫోనును బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఒకటే అడుగుతా. నిజం చెప్పు" అంది. "ఇప్పుడొచ్చింది ఆయన మాటా, నీ మాటా?"

నందిత నోరు తెరిచింది. పెద్దమ్మ ఫోను బోర్లా ఉంది. ఇప్పుడు తాను ఏం కొట్టినా ఆమె చదవదు, ఏం చెప్పినా ఆమెకు వినపడదు, తెర వైపు వేలు చూపినా అదీ తన చెయ్యే. తెర మీద సుబ్బరాయలు ఇంకా పది నిమిషాల మాట మిగిలి ఉండగా, భార్య కళ్లలోకి చూస్తూ చెప్పుకుంటూ పోతున్నాడు.